నర్సు చేతిలోని కేస్ షీటు: రాయవలసినది, దాచవలసినది



ప్లస్ టూ ముగించి నర్సింగ్‌లో చేరాలనుకునే పిల్లలు ఇంజెక్షన్ వేయడం, కట్టు కట్టడం, బి.పి. చూడడం గురించి ఎంతో ఉత్సాహంగా మాట్లాడుతారు. సంతోషమే. అయితే ఆ వృత్తిలో కలంతో చేసే పని కూడా చాలా ఉంది. దాని గురించి చేరకముందే కొంత తెలుసుకోవడం మంచిది.

నేను వైద్యం చదివినవాడిని కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. బ్యాంకులో చేరేటప్పుడు ఉద్యోగి నమ్మకంగా పనిచేస్తానని, ఖాతాదారుల రహస్యం కాపాడతానని రాసి సంతకం పెడతాడు. నర్సు ఉద్యోగానికీ మూలం ఇదే. తెలియవలసినవారికి అంతా రాసిపెట్టాలి. తెలియనవసరం లేనివారికి ఏమీ చెప్పకూడదు. ఈ రెండూ ఒకే విధికి రెండు వైపులు.

రాయకపోతే ఏమవుతుంది?

ఆసుపత్రి వార్డులో నర్సులు షిఫ్టుల వారీగా మారుతూ ఉంటారు. ఉదయం నర్సు ఇంజెక్షన్ వేసి, రాయకుండా ఇంటికి వెళ్ళిందనుకోండి. తరువాత వచ్చిన నర్సు వేయలేదనుకుని మళ్ళీ వేస్తుంది. మరొకచోట ముందుగానే 'ఇచ్చాను' అని రాసిపెట్టారు. ఇంతలో రోగిని స్కాన్‌కు తీసుకుపోయారు, మందు ఇవ్వనేలేదు. రెండు సందర్భాల్లోనూ నష్టపోయేది రోగి. అందుకే పని చేసిన వెంటనే రాయాలి. చేయకముందు ఎప్పుడూ రాయకూడదు. ఒకరు ఇచ్చిన మందుకు ఇంకొకరు సంతకం పెట్టకూడదు.

మన జూజువాడి తమిళనాడు, కర్ణాటక సరిహద్దు మీద ఉన్న ఊరు. ఇక్కడ మొదలైన వైద్యం చాలాసార్లు బెంగళూరులో కొనసాగుతుంది. స్పృహ లేని రోగి నోటితో ఏమీ చెప్పలేడు. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చారు, ఏ మందు పడదు అన్న సంగతులు అతనితోపాటు వెళ్ళే కాగితమే చెప్పాలి.

ఇప్పుడు చార్టు ఇంటి గడపకే వస్తున్నది. 2021 ఆగస్టు 5న 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని తమిళనాడు ముఖ్యమంత్రి మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లి గ్రామంలోనే ప్రారంభించారు. బి.పి., షుగరు ఉన్నవారికి ఇంటివద్దనే పరీక్ష చేసి మందులు ఇచ్చే పథకం ఇది. ఇలాంటి పనిలో పోయిన నెల అంకె సరిగా ఉంటేనే ఈ నెల మందు సరిగా ఉంటుంది.

ఎలా రాయాలి?

బ్యాంకు చెక్కు మీద మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఎందుకు రాయిస్తారు? ఒక సున్నా తేడా వస్తే డబ్బు పోతుంది కాబట్టి. ఆసుపత్రిలో సున్నా తేడా వస్తే ప్రాణమే పోవచ్చు. ఇన్సులిన్ 10 యూనిట్లు అని రాయవలసినచోట యూనిట్ బదులు ఇంగ్లీషు 'యు' అక్షరం ఒక్కటే రాస్తే, అది సున్నాలా కనిపించి 100 అయ్యే ప్రమాదం ఉంది. అలాగే 1.0 అని రాస్తే చుక్క కనబడక 10 అవుతుంది. ముందు సున్నా లేకుండా .5 అని రాస్తే 5 అవుతుంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ఇటువంటి రాతలను వాడకూడదని జాబితాయే ప్రకటించింది. కనుక 'యూనిట్' అని పూర్తిగా రాయండి. 1 అని రాయండి, 0.5 అని రాయండి. సమయాన్ని 24 గంటల పద్ధతిలో, రాత్రి 8 అయితే 20:00 అని రాయండి.

'రోగి బాగున్నారు' అన్నది రికార్డు కాదు. 'రాత్రి 02:00కు చూసినప్పుడు నిద్రలో ఉన్నారు, శ్వాస నిమిషానికి 18' అన్నది రికార్డు. 'మొండి మనిషి' అని రాయకూడదు. 'మాత్ర వద్దన్నారు, వాంతి వస్తుందని చెప్పారు, డాక్టరుకు తెలియజేశాను' అని రాయాలి.

మన ప్రాంతంలో రోగి తెలుగులోనో, కన్నడంలోనో, తమిళంలోనో చెబుతాడు. చార్టు ఇంగ్లీషులో ఉంటుంది. 'గుండెల్లో మంట' అన్న మాటకు అసిడిటీ అని మీరే అర్థం చెప్పుకుని రాసేయకండి. ఎక్కడ, ఎప్పటినుంచి, చేతికి పాకుతున్నదా, చెమట పట్టిందా అని అడిగి, రోగి చెప్పింది చెప్పినట్లు రాసి డాక్టరుకు చెప్పండి. మన మాతృభాష ఇక్కడ పెద్ద ఆస్తి.

తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు, కాగితం చింపకూడదు. పాత రాత కనబడేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ, సమయం వేసి సంతకం చేయాలి. లెడ్జరులోనూ మాకు ఇదే నియమం. దిద్దిన గుర్తు కనబడితే నమ్మకం నిలుస్తుంది. దాచిపెడితే మిగతా పుస్తకం మీద కూడా అనుమానం వస్తుంది.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆసుపత్రిలో కాన్పు అయితే ఆ వివరాలను ఆసుపత్రివారే 21 రోజుల్లోపు నమోదుకు పంపాలి. ఆ పేర్లు, ఆ తేదీయే జనన ధ్రువపత్రంలోకి వెళ్తాయి. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో చేరడం మొదలుకొని చాలా పనులకు పుట్టినతేదీ రుజువు ఆ పత్రమే. తండ్రి పేరులో ఒక ఇనీషియల్ మారితే ఎన్ని ఆఫీసులు తిరగాలో ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టిన తల్లిదండ్రులకు చెప్పనవసరం లేదు.

ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు?

ఆ రోగికి వైద్యం చేస్తున్న డాక్టరుకు, తరువాతి షిఫ్టు నర్సుకు అన్నీ చెప్పాలి. క్షయ వంటి వ్యాధులను ప్రభుత్వానికి తెలియజేయాలని చట్టమే చెబుతుంది. అది ఆసుపత్రి పద్ధతి ప్రకారం జరుగుతుంది. అంతకుమించి లిఫ్టులో, క్యాంటీన్‌లో, బస్సులో రోగి మాట ఎత్తకూడదు. చార్టునుగాని, రోగినిగాని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకూడదు. పేరు చెప్పకపోయినా 'ఫలానా వీధి, ఫలానా ఫ్యాక్టరీ' అంటే చిన్న ఊళ్ళో ఎవరో తెలిసిపోతుంది.

ఫోనులో గొంతు గుర్తింపు కార్డు కాదు. 2012 డిసెంబరులో లండన్‌లోని ఒక ఆసుపత్రికి ఆస్ట్రేలియా రేడియోవాళ్ళు రాజకుటుంబీకులమని నటిస్తూ ఫోన్ చేశారు. కర్ణాటక తీరప్రాంతం నుంచి వెళ్ళిన నర్సు నమ్మి ఫోన్ వార్డుకు కలిపింది. అక్కడి నర్సు రాజవంశపు కోడలి ఆరోగ్యం గురించి చెప్పింది. ఆ సంభాషణ రేడియోలో వచ్చింది. ఫోన్ కలిపిన ఆ తల్లి మూడు రోజులకే ప్రాణాలు తీసుకుంది. మోసం చేసింది ఫోన్ చేసినవారు. భారం పడింది నర్సు మీద. కనుక ఎంత పెద్దవారి పేరు చెప్పినా, 'దయచేసి డాక్టరుగారితో నేరుగా మాట్లాడండి' అనే మాట అలవాటు చేసుకోండి.

మాట బయటకు పోతే జీవితం ఎలా మారుతుందో సుప్రీంకోర్టుకు వచ్చిన ఒక కేసు చూపిస్తుంది. రక్తదానం చేసినప్పుడు ఒకాయనకు హెచ్.ఐ.వి. ఉందని పరీక్షలో తేలింది. ఆ సంగతి ఆసుపత్రి నుంచి బయటకు తెలిసి కుదిరిన పెళ్ళి ఆగిపోయింది, ఆయన ఊరే వదలవలసి వచ్చింది. 1998లో కోర్టు, రహస్యం కాపాడడం వైద్యుల ధర్మమేనని చెప్పింది. అయినా పెళ్ళికూతురి ఆరోగ్యానికి ముప్పు ఉన్నందున ఆ ఒక్క విషయంలో ఆయనకు అనుకూలంగా తీర్పు ఇవ్వలేదు. 2017లో వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం దారి స్పష్టం చేసింది. భాగస్వామికి చెప్పవలసి వస్తే డాక్టరుగాని, కౌన్సెలరుగాని మాత్రమే, షరతులకు లోబడి చెప్పాలి. అంటే ముప్పు ఉన్నచోట కూడా ఆ నిర్ణయం నర్సు సొంతంగా చేసేది కాదు. అదే సంవత్సరం ఆగస్టు 24న కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు.

ఇంకొక మాట. ఇతరుల నుంచి దాచవలసిన రికార్డు రోగి నుంచి దాచవలసినది కాదు. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం రోగి అడిగితే డాక్టరు 72 గంటల్లోపు రికార్డు ఇవ్వాలి. వార్డులో ఎవరైనా అడిగితే కసురుకోకుండా, దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో చెప్పండి.

కంప్యూటరు వచ్చినా నియమం మారలేదు. పాస్‌వర్డు సంతకంతో సమానం. స్నేహితురాలికైనా ఇవ్వకూడదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై సైబర్ దాడి జరిగినప్పుడు చాలా రోజులు పనులు చేతిరాతతోనే నడిచాయి. కాబట్టి చేతిరాత కూడా చక్కగా ఉంచుకోండి.

తల్లిదండ్రులకు విన్నపం

అమ్మాయి డ్యూటీ నుంచి రాగానే 'మన వీధి ఆవిడ మీ ఆసుపత్రిలోనే ఉందట కదా, ఏమైంది?' అని అడగకండి. సంబంధాలు చూసేవారు 'ఆ పిల్లకు ఏదో ఆపరేషన్ అయిందట, మీ అమ్మాయిని కనుక్కోమనండి' అంటే మీరే అడ్డుపడండి. రేపు మన ఇంటి మనిషి అదే మంచం మీద ఉండవచ్చు. అమ్మాయి 'అది నేను చెప్పకూడదమ్మా' అంటే కోప్పడకండి. చదువు ఒంటబట్టిందని సంతోషించండి.

విద్యార్థులారా, శిక్షణలో ఉన్నప్పుడే ఈ అలవాట్లు పట్టుపడాలి. రోజూ పది నిమిషాలు చూసింది చూసినట్లు, రోగి పేరు లేకుండా, రాయడం సాధన చేయండి. చక్కగా చదివి, మంచి నర్సులుగా పేరు తెచ్చుకోవాలని ఆశీర్వదిస్తున్నాను.