అడుగు కనిపించే యేరు

అమెరికాలో తమ్ముడింటికి వెళ్ళి వచ్చానంటే అందరూ ఆకాశాన్నంటే మేడల కబుర్లు చెప్పమంటారు. నాకు మాత్రం ఆ దేశం పేరు వినగానే ఒక చిన్న యేరు గుర్తుకు వస్తుంది.

ఫ్లోరిడా రాష్ట్రంలో ఒకాలా పట్టణానికి దాపున సిల్వర్ స్ప్రింగ్స్ అనే పెద్ద వూటలున్నవి. నేల అడుగున సున్నపురాతి పొరల్లో చేరిన వాననీరు అక్కడ పైకి వుబికి, వుబికిన చోటే నది అయిపోతుంది. సుమారు 5 మైళ్ళు నడిచి ఆక్లవాహా నదిలో కలుస్తుంది. అడుగున అద్దం బిగించిన పడవల్లో జనానికి ఈ వూటలు చూపించడం 1870ల చివరలోనే మొదలైంది. 2013 నుంచి యిది రాష్ట్రప్రభుత్వపు పార్కు.

మేము వెళ్ళింది జనవరి వుదయం. వణుకుతూ యిద్దరు పట్టే కయాకులో కూర్చున్నాం. నీళ్ళమీద పొగలు లేస్తున్నవి. జంకుతూ చెయ్యి పెట్టానుగదా, గోరువెచ్చగా తగిలింది! యేడాది పొడుగునా ఆ నీరు సుమారు 22 డిగ్రీలేనట.

వుత్సాహంకొద్దీ తెడ్డుతో నాలుగు బాదులు బాదాను. దుంగమీద యెండ కాచుకుంటున్న తాబేళ్ళు వరుసగా బుడుంగుమన్నవి.

"అన్నయ్యా, తెడ్డు నీళ్ళలోకి దింపాలి గాని కొట్టకూడదు," అన్నాడు తమ్ముడు వెనకనుంచి.

అలాగే దింపాను. చప్పుడు ఆగింది. పడవ ప్రవాహంతో తనంతట తాను జారసాగింది. యెంతో లోతున, తెల్లని యిసుకమీద, మా నీడ మాతోపాటు వస్తున్నది. చేపలు ఆ నీడలో దూరి అవతలికి తేలుతున్నవి. మహానంది కోనేట్లో గుండుసూది పడ్డా కనిపిస్తుందని మా అమ్మ అంటూ వుండేది. చాలాకాలానికి అన్నదమ్ములం యిద్దరం మాట్లాడకుండా ఒకచోట కూర్చున్నాం. అదీ హాయిగానే వున్నది.

కొంతదూరం పోయాక అడుగునున్న గడ్డిమీద బూజులాగా నాచు కనిపించింది.

"యిదేమిట్రా?"

"పైన చల్లిన యెరువులూ, యిళ్ళ మురుగుతొట్ల నీళ్ళూ యిసుకలో యింకి వూటలోకి వస్తున్నవి. నైట్రేటు లీటరుకు 0.35 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. యిక్కడ ఒకటి దాటింది. నాచుకు అది బలం. దానికి తోడు వూట వేగం కూడా యిదివరకటికంటె తగ్గిపోయింది."

వాడి యింటిముందు పచ్చికను చూసి ముందురోజే మెచ్చుకున్నాను. షెడ్డులో వున్న యెరువు బస్తా గుర్తుకు వచ్చింది.

"మరి నీ బస్తా మాటేమిటి?"

వెనకనుంచి జవాబు లేదు. తెడ్డు మాత్రం ఒకసారి టప్పున నీళ్ళను కొట్టింది.

ఆ సాయంత్రం మా మరదలు, "బస్తా యెవరికిచ్చేశారు?" అని అడుగుతూంటే విన్నాను. యీ యేడు పచ్చిక కాస్త పసుపుబారినా ఫరవాలేదన్నాడు వాడు. నేలలో యిదివరకే దిగినది వూటకు చేరడానికి యేళ్ళు, ఒక్కొక్కప్పుడు దశాబ్దాలు పడుతుందట. దాన్ని వెనక్కి పిలవలేం. యిక ముందు చల్లకుండా వుండడమే మన చేతిలో వున్నది.