ఉల్లంకి పిల్లయొక్క దూరప్రయాణము

విజయవాడ బ్యారేజీమీద నిలిచి చూచువారికి కృష్ణానది యచ్చటితోనే ముగిసినట్లు తోచును. ఆ నది సముద్రమున గలియు హంసలదీవికి శీతకాలమున పోయి, పాటువేళ బయల్పడు బురదనేలలను మేము చూచితిమి. అచ్చట ఉల్లంకి జాతి పిట్టలు గుంపులుగా మేయుచుండెను. వానిలో ముక్కు కొంచెము క్రిందికి వంగినదానిని గుఱించియే యిచ్చట వ్రాయుచున్నాము.

దీని బరువు సుమారు 60 గ్రాములు. పుట్టిల్లు సైబీరియా ఉత్తరపు కొననున్న తైమీరు మొదలగు చెట్లులేని శీతలభూములు. మగపక్షి గ్రుడ్లు పిల్లలగువఱకైన నుండక దక్షిణమునకు బయలుదేఱును. తల్లి యొంటిగా పొదిగి, పిల్లలను కొలదికాలము కాచి, తానును వెడలును. పిల్లలకు మేత పెట్టువారు లేరు. గ్రుడ్డు వెడలినది మొదలు పురుగులను తామే యేఱుకొని తినును. కడపట, ఆగస్టు సెప్టెంబరు నెలలలో, తల్లిదండ్రుల తోడు లేకయే యీ పిల్లలు 6,000 కిలోమీటర్లకు పైబడిన త్రోవను బట్టును. తెనాలికి పిల్లవాని నొంటిగా రైలెక్కించుటకు మన మెంత వెనుదీయుదుము!

పోవలసిన దిక్కు వానికి పుట్టుకతోనే వచ్చుననియు, సూర్యుడును, నక్షత్రములును, భూమియొక్క అయస్కాంతశక్తియు ఆ దిక్కు తప్పకుండ తోడ్పడుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దీని చుట్టమగు గాడ్విట్ అను పొడుగుముక్కు పక్షి పిల్ల యొకటి, అయిదు నెలలది, 2022 అక్టోబరు 13వ తేదీన అలాస్కా విడిచి, 11 దినములు రేయింబవళ్లు ఎచ్చటను వ్రాలక, ఆస్ట్రేలియాలోని టాస్మానియా చేరెను. వీపున గట్టిన చిన్న యంత్రమువలన అది 13,560 కిలోమీటర్లు ఎగిరినట్లు తెలిసినది. ఈ పక్షులు నీటికోళ్లవలె సముద్రముపై తేలి విశ్రమింపజాలవు.

ఇంతటి ప్రయాణమునకు వంటచెఱకు ఒంటిలోని క్రొవ్వే. ఆ క్రొవ్వు నిచ్చునది బురదలోని పురుగులు, చిన్న నత్తలు. త్రోవ పుట్టుకతో వచ్చినను అన్నము రాదుగదా. మన డెల్టాతీరపు పఱ్ఱభూములనేకము రొయ్యల చెఱువులైనవి. లోతునీట ఈ పొట్టికాళ్ల పిట్ట నిలువలేదు. 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యమున మడయడవులును, వాని చెంతనున్న బురదనేలలును కొన్ని నిలిచియున్నవి. అయినను ప్రపంచమున దీని సంఖ్య తగ్గుచున్నందున, 2024లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘమువారు దీనిని అపాయమునకు లోబడిన జాతులలో జేర్చిరి.

వేసవి రాగా పెద్దపక్షులు ఇటుకవన్నె దాల్చి ఉత్తరమునకు మరలును. ఏడాది నిండని పిల్లలనేకము బూడిదవన్నెతోనే యిచ్చటి తీరములందు నిలిచిపోవును. మే నెలలో హంసలదీవికి పోవు విద్యార్థులకు అట్టి పిట్ట బురదలో ముక్కు గ్రుచ్చుచు కానవచ్చినచో, అదలింపక దూరమునుండియే చూతురుగాక. అది బహుశః నిరుడు తైమీరున పుట్టినదే.