అడవి నుంచి సముద్రతీరానికి చిన్న రైలు

గుజరాత్‌లోని బిలిమోరా–వఘై రైలుమార్గం వయస్సు నూరేళ్ళు దాటింది. నష్టాల కారణంగా దానిని శాశ్వతంగా మూసివేయాలన్న ఉత్తరువు 2020లో వెలువడింది. ఏడాది తిరగకముందే ఆ రైలు మళ్ళీ కూత పెట్టింది.

సూరత్ నగరవాసులు సెలవు దినాలలో చల్లగాలి కోసం పోయే చోటు డుమస్. తపతీనది అరేబియా సముద్రంలో కలిసే ముఖద్వారానికి దగ్గరగా, నల్లని ఇసుక పరచుకొన్న తీరం అది. సాయంవేళ అక్కడ వేడివేడి టమాటా బజ్జీలు తింటూ అలలను చూసేవారిలో తెలంగాణా జిల్లాల నుంచి వలసవచ్చి, సూరత్ మరమగ్గాల మీద జీవిస్తున్న మన పద్మశాలి కుటుంబాల వారు కూడా ఉంటారు. ఈ ఒడ్డుకు ప్రయాణికుల రైలు రాదు. అయినా ఈ తీరానికీ, ఆగ్నేయదిశగా ఉన్న డాంగ్ అడవులకూ పాత బంధుత్వం ఒకటి ఉంది. ఆ బంధుత్వం పేరు టేకు.

తెరచాప ఓడల కాలంలో సూరత్ గొప్ప రేవుపట్టణం. ఓడలు కట్టడంలో ఆరితేరిన పనివారు ఇక్కడ ఉండేవారు. 1736లో బొంబాయి నౌకాశాలకు తరలివెళ్ళి, వాడియా నౌకానిర్మాతల వంశానికి మూలపురుషుడైన లవ్‌జీ నుస్సర్‌వాంజీ సూరత్ వాడే. ఓడకు టేకును మించిన కలప లేదు. ఉప్పునీటికి అది చివకదు, పురుగు పట్టదు. ఆ టేకు కోసమే ఆంగ్లేయులు 1842లో డాంగ్ ప్రాంతపు భిల్లు నాయకుల నుంచి అడవులను కౌలుకు తీసుకొన్నారు. ఆ నాయకుల వారసులకు నేటికీ ఏటా హోళీ ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బారులో ప్రభుత్వం భరణం చెల్లిస్తున్నది.

అడవిలో నరికిన దుంగ తీరానికి చేరడమెలా అన్నది ఆనాటి సమస్య. కొండదారులలో ఎడ్లబండ్లు ఎన్ని మోయగలవు? ఈ ప్రశ్నకు సమాధానంగా పుట్టినదే మన కథలోని రైలు.

గాయక్వాడుల పట్టాలు

సూరత్‌కు దక్షిణంగా సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో, బొంబాయి ప్రధాన మార్గం మీద ఉన్నది బిలిమోరా. ఆ ఊరు నాడు బరోడా సంస్థానంలోది. 1875 నుంచి 1939 వరకు బరోడాను పాలించిన మూడవ శాయాజీరావు గాయక్వాడు 1906లోనే తన రాజ్యమంతటా నిర్బంధ ప్రాథమిక విద్యను అమలుపరచిన దూరదర్శి. రైళ్ళంటే ఆ వంశానికి మొదటినుంచీ మక్కువ. ఆయనకు ముందు పాలించిన ఖండేరావు 1862లోనే డభోయి–మియాగాం మధ్య నేరో గేజి పట్టాలు వేయించాడు. మన దేశంలో అటువంటి మార్గాలలో అదే మొదటిది. ఆ పట్టాలు ఇంజను బరువును మోయలేనంత తేలికవి కావడంతో తొలినాళ్ళలో బండ్లను ఎద్దులే లాగాయి. గట్టి పట్టాలు వేసి, ఇంజనుతో సక్రమంగా నడపడం 1873లో మొదలైంది.

బిలిమోరా నుంచి తూర్పుగా సాగిన మార్గం చరిత్రను 1913 నుంచి లెక్కిస్తారు. పట్టాల నడుమ వెడల్పు 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. ప్రధాన మార్గపు బ్రాడ్ గేజిలో ఇది సగం కూడా కాదు. పట్టాలు తేలికవైతే ఖర్చు తగ్గుతుంది, వంతెనలు చిన్నవైతే చాలు, కొండవంపులలో మలుపులు తిప్పడం తేలిక. వచ్చే ఆదాయం ఎంతో తెలియని అడవి ప్రాంతానికి ఇంతకన్న పొదుపైన రైలు లేదు.

మార్గం పొడవు 63 కిలోమీటర్లు. గండేవి పరిసరాలలో మామిడి, సపోటా తోటలు దాటి, చిఖ్లీ రోడ్, రాన్‌కువా, అనావల్ మీదుగా వేడినీటి బుగ్గలకూ అమ్మవారి గుడికీ పేరుపొందిన ఉనాయి చేరుతుంది. అక్కడినుంచి పొలాలు పలచబడి టేకుచెట్లు దగ్గరౌతాయి. కాలాఆంబ్, డుంగర్డా దాటితే వఘై. అది డాంగ్ అడవులకు సింహద్వారం. అంబికానది ఆ ఊరి పక్కగా పారి, చివరకు బిలిమోరా పరిసరాలలోనే సముద్రాన్ని చేరుతుంది. పర్వతం నుంచి తీరానికి నది ఏ దిక్కుగా నడిచిందో, దుంగలు మోసిన రైలూ ఆ దిక్కుగానే నడిచింది.

కలప పోయింది, మనుషులు మిగిలారు

1949లో బరోడా సంస్థానపు రైళ్ళు బి.బి.సి.ఐ. రైల్వేలో చేరాయి. 1951లో పశ్చిమ రైల్వే ఏర్పడినప్పుడు ఈ మార్గం దాని ఆస్తి అయింది. కాని అప్పటికే కాలం మారుతున్నది. అడవిలోకి రోడ్లు వచ్చాయి. లారీ అడవి అంచునే దుంగను ఎక్కించుకొని, నేరుగా కలప అడితి ముందు దింపుతుంది. రైలులో అయితే బిలిమోరా వద్ద చిన్న బండి నుంచి పెద్ద బండికి మళ్ళీ ఎత్తాలి. రెండుసార్లు ఎత్తి దింపే కూలి ఖర్చే నేరో గేజి సరుకు రవాణాకు ప్రాణాంతకమైంది. ఆపైన అడవులను కాపాడుకోవాలన్న స్పృహ పెరిగి కలప నరకడమూ తగ్గింది. ఏ సరుకు కోసం మార్గం పుట్టిందో ఆ సరుకు దానిని విడిచిపోయింది.

మిగిలినది మనుషులు. గిరిజన గ్రామాల కూలీలు, సంతకు కూరగాయలు తెచ్చే స్త్రీలు, విద్యార్థులు, ఆస్పత్రికి పోయే రోగులు. గంటకు ఇరవై కిలోమీటర్ల చొప్పున, మూడు గంటలు పట్టే ప్రయాణం వారిది. కొన్ని రోడ్డు గేట్ల వద్ద కాపలాదారు ఉండడు. బండి ఆగుతుంది, సిబ్బందిలో ఒకరు దిగి గేటు మూస్తారు, బండి దాటి మళ్ళీ ఆగుతుంది, గేటు తెరిచి ఆ మనిషి తిరిగి ఎక్కుతాడు. తొందర ఉన్నవాడు బస్సు ఎక్కాడు. బస్సు చార్జీ బరువైనవాడు, తలమీద గంప ఉన్నవాడు రైలునే నమ్ముకొన్నాడు.

'నష్టం' ఎవరి లెక్క?

ఇటువంటి మార్గాలకు రైల్వే పరిభాషలో ఒక పేరు ఉంది: 'లాభసాటి కాని శాఖా మార్గాలు'. ఇది కొత్త మాట కాదు. 1980ల తొలి సంవత్సరాలలో పనిచేసిన రైల్వే సంస్కరణల సంఘం ఇలాంటి 40 మార్గాలను మూసివేయవలసిందని సిఫారసు చేసింది. ప్రజలనుంచీ రాష్ట్ర ప్రభుత్వాలనుంచీ వచ్చిన ప్రతిఘటన కారణంగా ఆ సిఫారసు పూర్తిగా అమలు కాలేదు.

లెక్కలు వేసే తీరును గమనిస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. శాఖా మార్గం ఖర్చులో పట్టాలు, వంతెనలు, స్టేషన్లు, సిబ్బంది అన్నీ చేరతాయి. ఆదాయంలో మాత్రం ఆ కొద్దిదూరపు టిక్కెట్ల సొమ్మే కనిపిస్తుంది. వఘైలో బండి ఎక్కి, బిలిమోరాలో దిగి, పెద్ద రైలులో సూరత్‌కు పోయే కూలీ ప్రధాన మార్గానికి చెల్లించిన చార్జీ వేరే ఖాతాలో పడుతుంది. చిన్న బండి లేకపోతే ఆ మనిషి పెద్ద బండినీ ఎక్కకపోవచ్చు. కాని ఆ సంగతి ఏ ఖాతాలోనూ ఉండదు.

ఇదే వాదం అరవై ఏళ్ళ క్రితం బ్రిటన్‌లో పెద్ద ఎత్తున చెలరేగింది. 1963లో డాక్టర్ బీచింగ్ సమర్పించిన నివేదిక 2,363 స్టేషన్లను, సుమారు 5,000 మైళ్ళ మార్గాన్ని తొలగించాలని సూచించింది. ఉపనదులను ఎండగడితే మహానదిలో నీరు తగ్గదా అని విమర్శకులు అడిగారు. ఆ మార్గాలలో చాలావాటిని అప్పుడే మూసివేశారు. వాటిలో కొన్నింటిని తరువాతి తరాలవారు బోలెడు ఖర్చుతో మళ్ళీ తెరవవలసివచ్చింది. ఎక్సెటర్ నుంచి ఓక్‌హాంప్టన్‌కు 1972లో ఆగిపోయిన నిత్య ప్రయాణికుల రైలు దాదాపు అర్ధశతాబ్దం తరువాత, 2021 నవంబరులో తిరిగి నడిచింది.

గోదావరి ఒడ్డున ఒక ఉదాహరణ

అంతదూరం పోనక్కరలేదు. మన కోనసీమ అంచున కాకినాడ–కోటిపల్లి మార్గం ఉంది. ద్రాక్షారామం మీదుగా గోదావరి గట్టుకు చేరే ఆ 45 కిలోమీటర్ల లైను 1928లో ఏర్పడింది. రెండవ ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు ఇనుము కావలసి పట్టాలను పెకలించుకుపోయారు. ఒక తరం పుట్టి పెరిగి ముసలిదైంది, పట్టాలు మాత్రం తిరిగి రాలేదు. లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి పట్టుదలతో పునర్నిర్మాణం మొదలైంది. 2002లో హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన ఆయన ఆ రైలును చూడలేదు. 2004లో మార్గం తెరుచుకొన్నది.

కాని ఆ తరువాతి కథ అంత ఉత్సాహకరం కాదు. కోటిపల్లి నుంచి గోదావరి పాయలు దాటి నరసాపురం చేరవలసిన కొనసాగింపు లేనందున లైను గట్టు దగ్గరే ఆగిపోయింది. దాని మీద ఏళ్ళ తరబడి ఒక చిన్న రైల్‌బస్ మాత్రమే తిరిగింది. పట్టాలు పరచినంత మాత్రాన మార్గం బ్రతకదనీ, జనానికి అనువైన వేళకు బండ్లు నడవాలనీ, ఆ మార్గం మరో మార్గంతో కలవాలనీ కోటిపల్లి మనకు చెబుతున్నది.

మళ్ళీ వినిపించిన కూత

తిరిగి బిలిమోరాకు వద్దాం. 2018లో రైల్వేశాఖ గుజరాత్‌లోని అయిదు నేరో గేజి మార్గాలను, మొత్తం 204 కిలోమీటర్లను, పారిశ్రామిక వారసత్వ సంపదగా కాపాడాలని నిర్ణయించింది. బిలిమోరా–వఘై వాటిలో ఒకటి. రెండేళ్ళు గడిచాయి. 2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి దేశంలోని ప్రయాణికుల రైళ్ళన్నిటినీ ఆపినప్పుడు ఈ బండి కూడా ఆగింది. పెద్ద రైళ్ళు ఒకటొకటిగా కదిలాయి కాని ఇది కదలలేదు. ఆ డిసెంబరులో పశ్చిమ రైల్వేకు మంత్రిత్వశాఖ నుంచి లేఖ వచ్చింది. లాభసాటి కాని 11 శాఖా మార్గాలను శాశ్వతంగా మూసివేయాలన్నది దాని సారాంశం. వారసత్వ సంపదగా ఎంచిన ఈ మార్గం పేరు మూసివేత జాబితాలోనూ ఉంది.

వార్త గ్రామాలకు చేరగానే అలజడి రేగింది. పత్రికల భాషలో ఇది 107 ఏళ్ళ ముచ్చటైన పాతబండి. గిరిజనులకు మాత్రం తక్కువ ఖర్చుతో పట్టణం చేర్చే ఏకైక సాధనం. నిరసనలు సాగాయి, విజ్ఞప్తులు వెళ్ళాయి, స్థానిక ప్రజాప్రతినిధులు గొంతు కలిపారు. 2021 జులైలో సూరత్ లోక్‌సభ సభ్యురాలు దర్శనా జర్దోష్ రైల్వే సహాయమంత్రి అయ్యారు. ఆ ఏడాది సెప్టెంబరు 4న బిలిమోరా నుంచి చిన్న బండి మళ్ళీ బయలుదేరింది.

అయితే బండి మునుపటి రూపంలో రాలేదు. సాధారణ పెట్టెలతోపాటు యాత్రికుల కోసం ఎయిర్ కండిషన్ పెట్టె ఒకటి తగిలించారు. వఘైలో వృక్షశాస్త్ర ఉద్యానం ఉంది, దగ్గరలో గిరా జలపాతం ఉంది, ఆపైన సాపుతారా కొండ విడిది ఉంది. వానకాలపు పచ్చదనాన్ని చూడవచ్చే నగరవాసి కొంత ఎక్కువ చార్జీ చెల్లిస్తే, సాధారణ పెట్టెలోని కూలీ టిక్కెట్టు చౌకగానే ఉండవచ్చునన్నది ఇందులోని సదాలోచన.

ఒక పెట్టె మరొక పెట్టెను లాగగలదా?

ఈ ఏర్పాటులో ఆశ ఉంది, అపాయమూ ఉంది. యాత్రికుడు సెలవు రోజున వస్తాడు. కూలీకి, విద్యార్థికి ప్రతిరోజూ బండి కావాలి. యాత్రికునికి మెల్లని నడక వినోదం. పనికి పోయేవానికి అది నష్టపోయిన కూలి. యాత్రికుని వేళలకే బండిని సర్దితే పట్టాలు బ్రతికినా, వాటిని నిలబెట్టుకొన్న జనం మళ్ళీ రోడ్డు పాలౌతారు. అప్పుడు మిగిలేది కదిలే ప్రదర్శనశాల. యాత్రికుని డబ్బు గ్రామీణుని బండికి తోడ్పడినంత కాలమే దీనిని పునరుజ్జీవనం అనడం న్యాయం. సంత వేళకూ బడి వేళకూ సరిపోయే కాలపట్టిక, బిలిమోరాలో పెద్ద రైలు అందేటట్లు కుదిర్చిన సమయం, వానలకు గట్టు తెగినప్పుడు వెంటనే జరిగే మరమ్మతు: ఎయిర్ కండిషన్ పెట్టె కన్న ఇవే ఆ మార్గానికి ఆయువు పోస్తాయి.

బిలిమోరాకు మరొక రైలు కూడా రాబోతున్నది. ముంబై–అహమ్మదాబాద్ మధ్య నిర్మాణంలో ఉన్న 508 కిలోమీటర్ల బుల్లెట్ రైలు మార్గంలోని పన్నెండు స్టేషన్లలో బిలిమోరా ఒకటి. గంటకు 320 కిలోమీటర్ల వేగంతో అది పరుగెడుతుందని అంచనా. ఆ రోజు వచ్చినప్పుడు ఒకే ఊరి పేరు మీద మూడు కొలతల పట్టాలు ఉంటాయి: 762 మిల్లీమీటర్ల అడవి బండి, 1,676 మిల్లీమీటర్ల ప్రధాన మార్గం, 1,435 మిల్లీమీటర్ల బుల్లెట్ రైలు.

ఈ మూడింటిలో చిన్నదాని అవసరం అప్పుడు తీరిపోతుందా? వఘై నుంచి గంప ఎత్తుకొని బయలుదేరే స్త్రీకి బుల్లెట్ రైలు వేగం నేరుగా ఉపయోగపడదు. ఆమెకు కావలసింది తన ఊరిలో ఆగే బండి. ఆ బండి ఉన్నంతవరకే బిలిమోరాలోని పెద్ద రైలు గాని, సూరత్ బజారు గాని, ఏనాడైనా పిల్లలతో చూడాలనుకొనే డుమస్ సముద్రం గాని ఆమెకు అందుబాటులో ఉంటాయి. ఈసారి ఈ మార్గం లెక్కలు వేసేవారు ఆ ప్రయాణాన్ని కూడా ఒక పద్దుగా రాసుకోవలసి ఉంటుంది.