ఆకుపై మైనపు పూత

చేమ ఆకుపై నీరు నిలువదని పల్లెలోని పసివానికి సైతము తెలియును. చినుకు ముత్యమువలె గుండ్రనై జారిపోవునే గాని ఆకు తడియదు. అట్లేల జరుగునని ఎవరైన అడిగిన మాత్రము మనమొకింత ఆలోచింపవలసి యుండును.

ఉప్పల్, నాచారము నేడు హైదరాబాదు మహానగరములో కలిసిపోయినవి. 2017 నుండి ఉప్పల్ మీదుగా మెట్రో రైలు నడచుచున్నది. నాచారములో పారిశ్రామికవాడ విస్తరించినది. అయినను ఖాళీ స్థలములలో, ప్రహరీ గోడల వెంబడి జిల్లేడు, ఆముదపు మొక్కలు నేటికిని మొలచుచునే యున్నవి. బూడిద పట్టినట్లున్న ఆముదపు కాండమును వ్రేలితో రాచిన యెడల తెల్లని పొడి అంటుకొనును. కర్మాగారముల దుమ్మని మనము దానిని దులిపివేయుదుము. దుమ్ము కొంత ఉన్న ఉండవచ్చును గాని, ఆ తెలుపు మొక్క తనకై తాను తయారుచేసికొన్న మైనము.

ఆకు పైపొరలోని కణములు రెండు పదార్థములను వెలికి పంపును. మొదటిది క్యూటిన్. 16, 18 కర్బన పరమాణువులు గల కొవ్వు ఆమ్లములు ఒకదానితో నొకటి పెనవేసికొనగా ఏర్పడిన వల యిది. రెండవది మైనము. కణములోని కొవ్వు ఆమ్లమునకు రెండేసి కర్బనములు మాటిమాటికి చేరుచుండగా గొలుసు పెరిగి 30 కర్బనములను దాటుటయు కలదు. ఈ గొలుసులనుండియే మైనపు ఆల్కహాలులు, ఎస్టరులు, ఆల్కేనులు కలుగును. కర్బన, ఉదజనులతో నిండిన యిట్టి పొడవైన గొలుసులకు నీరనిన గిట్టదు. మైనము కొంత క్యూటిన్ వలలో ఇమిడియుండును; కొంత పైకి వచ్చి రేకులుగను, గొట్టములుగను, పలుకులుగను పేరుకొనును. మైనములో ముంచి ఆరవేసిన బట్టతో దీనిని పోల్చవచ్చును గాని, బట్టకు మైనము బయటినుండి పట్టును, ఆకునకు లోపలినుండి ఊరును. అనేక మొక్కలలో ఈ పొర మందము మిల్లీమీటరులో నూరవ వంతునకు మించదు.

ఇంత పలుచని పొర చేయు పని చిన్నది కాదు. నీరు చాలని వేళ ఆకు తన పత్రరంధ్రములను మూసికొనును. అప్పుడు లోపలి తడిని కాపాడునది ఈ పొర ఒక్కటే. ద్రావకముతో మైనమును కడిగివేసి చూచినపుడు, కొన్ని ఆకుల పొరలనుండి నీరు వందల రెట్లు అధికముగా పోవుటను శాస్త్రజ్ఞులు గమనించిరి. సుమారు 45 కోట్ల సంవత్సరముల క్రిందట నీటిని విడిచి నేలపైకి ప్రాకిన మొక్కలు ఎండిపోక నిలిచినవనిన, ఇట్టి పొర వానికి తోడ్పడుటయే ఒక ముఖ్య కారణము.

తామరాకు ఇంకొక మెట్టు పైకి పోయినది. దానిపై సూక్ష్మమైన బుడిపెలును, వానిపై మైనపు గొట్టములును గలవు. నీటిబొట్టు వాని కొనలపై మాత్రమే ఆనును; క్రింద గాలి నిలిచియుండును. అందుచే బొట్టు దొర్లిపోవుచు దుమ్మును వెంట తీసికొనిపోవును. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞులు బార్త్‌లాట్, నైన్‌హ్యూస్ 1997లో దీనిని సవివరముగ ప్రకటించిరి. అంటీ ముట్టని వానికి తామరాకును ఉపమానముగ మన పెద్దలు ఎన్నడో వాడుకొనిరి.

ఈ మైనము ఆకునకే పరిమితము కాదు. వరి తవుడులోను కలదు. తవుడునూనె చల్లబడినపుడు మసకబారుటకు ఇదియే హేతువు. దీనిని వేరుచేసిన గాని నూనె తేటపడదు. 1944లో ఆరంభమై, నేడు నాచారమునకు చేరువనే తార్నాకలోనున్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఇట్టి నూనెల, కొవ్వుల రసాయనశాస్త్రమున చిరకాలముగ కృషి చేయుచున్నది.

ఇక సేద్యమునకు వత్తము. మైనపు పూత లేని ఆముదపు రకములకు పచ్చదోమ ఎక్కువగా పట్టును. కాండముపైనను, ఆకుల రెండు వైపులను పూత గల రకములు దానిని బాగుగా తట్టుకొనును. విత్తనము ఎన్నుకొనునపుడు రైతు సోదరులు ఈ గుణమును కూడ విచారించుట మేలు.

మొక్కకు రక్షయైన పూతయే మందు చల్లువానికి చిక్కు తెచ్చిపెట్టును. క్యాబేజీ ఆకులపై పిచికారి చేసిన మందు బొట్లు బొట్లుగ నేలపాలగుట చూచినవారు కలరు. కూలియు, మందు ఖరీదును వృథా. వేపగింజల కషాయములో లీటరుకు 1 గ్రాము సబ్బు పొడి కలుపుమని చెప్పుట ఇందులకే. సబ్బు వలన బొట్టు విచ్చుకొని ఆకుపై పరచుకొనును. మంచిది గదా యని సబ్బు ఎక్కువ వేయరాదు. మైనము చెడి ఆకు మాడును.

నారు విషయమున మరింత జాగ్రత్త అవసరము. తేమ నిండిన నీడలో పెరిగిన లేత మొక్కకు మైనపు పూత పలుచగా నుండును. ప్రయోగశాలలో సీసాలలో పెంచిన కణజాల అరటి మొక్కలకు మరియు తక్కువ. వానిని నేరుగా ఎండలో నాటిన వడలిపోవును. నర్సరీలవారు ముందు తేమగల నీడలో నుంచి, తేమను తగ్గించుచు, వెలుతురును హెచ్చించుచు క్రమముగా అలవాటు చేయుదురు. కొనువారు మొక్కలు ఎన్ని దినములు అట్లు బయట ఉంచబడినవో అడిగి తెలిసికొని, సాయంకాలపు చల్లని వేళ నాటవలెను.