నోరు తిరుగని పేరు

రావిర్యాలలో మా మిత్రు లొకరి యింట ఇటీవల ఒక బారసాల జరిగెను. శిశువు ఆడుబిడ్డ. పళ్ళెరములో బియ్యము పఱచి, బంగారు ఉంగరముతో పేరు వ్రాయుటకై తండ్రి సిద్ధముగా కూర్చుండెను. కాని వ్రాయవలసిన పేరు మాత్రము ఇంకను తేలలేదు. తల్లి 'మృణాళిని' యని పట్టుపట్టినది. నాయనమ్మ ఆ పేరును మూడు పర్యాయములు ప్రయత్నించి, మూడు విధముల పలికి, తుదకు తానే నవ్వినది. అమెరికానుండి ఫోనులో వినుచున్న పినతండ్రి, "వదినా, ఆ పేరు ఇక్కడ ఒక్కరికీ నోరు తిరగదు, రెండక్షరాల్లో ఏదైనా చూడండి" అనెను. తాతగారు పట్టాదారు. తన పాసుపుస్తకములో ఒక్క అక్షరము సరిచేయించుటకు తాను కచేరీచుట్టు తిరిగిన తిరుగుళ్లు చెప్పి, తేలికైన పేరు చాలునన్నారు. పురోహితుడు ముహూర్తము దాటుచున్నదని హెచ్చరించుచుండగా అందఱును మా వంక చూచిరి. మేమప్పుడు చెప్పినది కొంత, ఇంటికి వచ్చి ఆలోచించినది కొంత, పాఠకుల ముందుంచుచున్నాము.

మొదట ఆ యూరి పేరే చూడుడు. రావిర్యాల మహేశ్వర మండలములోని పల్లె. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెఱచినది మొదలు ఆ ప్రాంతమునకు వెలుపలి వలయ రహదారియు, కర్మాగారములును వచ్చినవి. 2016లో వండర్‌లా వినోదోద్యానము వచ్చినది. వానితోపాటు ఆంగ్లాక్షరముల పలకలును వచ్చినవి. ఆ యక్షరములలో 'రవి'కిని 'రావి'కిని భేదము లేదు. చెట్టు సూర్యుడైపోయినది! నగరమునుండి వచ్చు వారిలో 'రవిర్యాల్' అనువారు అనేకులు. మంచిర్యాలకును ఇదే గతి. రైలుస్టేషనులోని ఆంగ్ల వర్ణక్రమమును చదివి ఉత్తరాది ప్రయాణికుడు 'మంచేరియల్' అన్నచో అది అతని తప్పు కాదు. ఈ రెండు పేర్లలోను నోరు తిరుగనిది ఏమున్నది? తెలుగులో వ్రాసి చూపిన, అక్షరములు నేర్చిన పసివాడైనను తప్పులేక చదువును. తప్పు పేరునందు లేదు, నాలుకయందును లేదు. పేరును మనము తొడిగించిన చొక్కాయందున్నది.

మనుష్యుల పేర్లకు వత్తము. 'రమ' యన్న లక్ష్మియు, 'రామ' యన్న పురుషుడును ఆంగ్లములో ఒక్క వర్ణక్రమమునే పంచుకొందురు. దక్షిణాదివారు తకారమునకు టీ, హెచ్ అను రెండక్షరములు వాడుదురు. ఉత్తరాదివారు ఒక్క టీ అక్షరముతో సరిపెట్టి, హెచ్ అక్షరమును థకారమునకు దాచుకొందురు. కావున మన లత ఢిల్లీ చేరునప్పటికి లథ యగును. అక్కడి గీత ఇక్కడికి వచ్చునప్పటికి గీట యగును. ఇక 'జ్ఞ' సంగతి మఱింత వినోదము. తెలుగువాడు దానిని గకార నకారములుగా పలుకును, హిందీవాడు 'గ్య' అనును, మహారాష్ట్రుడు 'ద్న్య' అనును. జ్ఞానేశ్వరుడను పేరు మూడు ప్రాంతములలో మూడు వేఱు వేఱు ఆంగ్ల వర్ణక్రమములతో ప్రారంభమగును. మువ్వురును సంస్కృతపదమునే పలుకుచున్నామందురు. మువ్వురును పాణిని కాలపు పలుకునకు దూరముగానే యున్నారు. ఋకారమును మనము 'రు' అందుము, హిందీవారు 'రి' అందురు. మృణాళినిలో ఋకారమున్నది, ణకారమున్నది, ళకారమున్నది. హిందీ వ్రాతలో ళకారము లేదు. సంస్కృత కోశములలోను ఆ పదము లకారముతోనే కానవచ్చును. తామరతూడు మృణాళము, తామరతీగ మృణాళిని. ఇంత యందమైన యర్థముగల పేరునకు ఏక్షేత్రమునందైనను ఒకే పలుకు కావలయునన్నచో, ఆ క్షేత్రము ఈ దేశములోనే దొరకదు.

పూర్వులు ఈ విషయము నాలోచింపలేదని యనుకొనరాదు. పారస్కర గృహ్యసూత్రము మగపిల్లవాని పేరు రెండో నాలుగో అక్షరములుగా నుండి నాదముగల హల్లుతో ప్రారంభము కావలెననియు, ఆడుబిడ్డ పేరు బేసి సంఖ్య గలదై ఆకారాంతముగా నుండవలెననియు విధించినది. మనువు స్త్రీల పేరు సుఖముగా పలుకదగినదై, అర్థము స్పష్టమై, మనసునకు హాయి గొలుపవలెనన్నాడు. నాయనమ్మ పక్షమున ఇంతకన్న గొప్ప సాక్ష్య మేమి కావలయును? అయితే ఆ గ్రంథముననే, ఆ విధికి కొంచెము పైననే, శూద్రునకు జుగుప్స కలిగించు పేరు పెట్టవలెనన్న మాట యొకటి గలదు. ఆ సంగతికి మఱల వత్తుము.

నక్షత్రపాదములనుబట్టి అక్షరము నిర్ణయించుటయు నోటికి పరీక్షయే. ఆర్ద్రా నక్షత్ర తృతీయపాదమున పుట్టిన బిడ్డకు 'ఙ' వచ్చును. ఆ యక్షరముతో పేరు పెట్టిన పురోహితుని మేమింతవఱకు చూడలేదు. ఉత్తరాభాద్రలో 'ఝ' వచ్చును. ఝాన్సీ యను పేరు మన తెలుగుదేశమున ప్రచారమగుటకు నక్షత్రముకన్న 1857 నాటి రాణి పరాక్రమమే కారణము. ఊరి పేరు ఆడుపిల్ల పేరైనది. ఒత్తు పలుకలేని నాలుకలు 'జాన్సీ' యన్నంతమాత్రమున ఆ రాణి ఖ్యాతికి లోటేమియు రాలేదు.

తప్పు పలుకుటవలన కలుగు ఫలమునుగుఱించి మనకు రెండు కథలున్నవి. త్వష్ట తన కొడుకును చంపిన యింద్రుని సంహరించుటకు యజ్ఞము చేసి, 'ఇంద్రశత్రు' పదమును స్వరము తప్పి పలికెననియు, అందుచేత పుట్టిన వృత్రుడు ఇంద్రుని చంపుటకు మాఱుగా ఇంద్రునిచేత చచ్చెననియు వేదము చెప్పును. బోయవాడు రామనామమును తిరుగవేసి 'మరా మరా' యని జపించి వాల్మీకి యయ్యెనని రెండవ కథ. మొదటివాని యుచ్చారణలో లోపము, రెండవవాని యుచ్చారణలో అంతకన్న పెద్ద లోపము. మొదటివాని మనసులో పగ యున్నది. రెండవవాని మనసులో అది లేదు.

మేమీ భేదమునే ముఖ్యమనుకొనుచున్నాము. పేరును చెఱచువారు రెండు తెగలు. నాలుక తిరుగక చెఱచువారు కొందఱు, తిప్పుట కిష్టము లేక చెఱచువారు కొందఱు. నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు 1798లో మరణించెను. 'మాన్స్యూర్ రేమండ్' అను పిలుపు హైదరాబాదు ప్రజల నోట హిందువులకు మూసారాముగను, మహమ్మదీయులకు మూసారహీముగను మాఱినది. మూసారాంబాగు నేటికిని ఆ పేరుతోనే యున్నది. ఆ ప్రజలు అతనిని ఎగతాళి చేయలేదు, తమవానిగా చేసికొనిరి. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలముల కలెక్టరుగా నుండిన మన్రో దొర పేరు రాయలసీమలో 'మన్రోలప్ప'యై శిశువులకు పెట్టబడినది. పరాయివాని పేరును వంచి అప్పను చేర్చుటకన్న ఆదర మెక్కడ గలదు?

రెండవ తెగకు ఉదాహరణము మహాసముద్రముల కావల గలదు. కమలా హారిస్ తన పేరు ఎట్లు పలుకవలెనో 2019లో తన స్వీయచరిత్రలో విశదముగా వ్రాసికొన్నది. కమలమన్న తామరయని అర్థమును చెప్పినది. 2020 అక్టోబరులో జార్జియా రాష్ట్రపు ఎన్నికల సభలో, ఆమెతోడనే కొన్ని సంవత్సరములు సెనేటులో కూర్చున్న పెద్దమనిషి ఆ మూడక్షరముల పేరును నానావిధముల మెలిత్రిప్పి పలుకగా సభ నవ్వినది. పొరపాటుగా జరిగినదని ఆయన పక్షమువారనిరి. ఆ యేడే ఆమె ఉపాధ్యక్షురాలుగా ఎన్నికైనది. 'కమల' కన్న తేలికయైన పేరును మన పినతండ్రిగారు ఎక్కడ వెదకి తేగలరు? అచట చాలనిది అక్షరసంఖ్య కాదు.

అమెరికావారిని నిందించి మనము చేతులు కడుగుకొనుటకు వీలులేదు. ఈ పత్రిక చదువు భూస్వాములు ఒక్క నిమిషము తమ యింటి వాకిలిని జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. మల్లయ్య యను పేరు పలుకుటకు మన నాలుక కేమి కష్టమున్నది? అయినను తరతరములుగా దొరల గడీలలో మల్లయ్య 'మల్లిగాడు', ఎల్లయ్య 'ఎల్లిగాడు' అయిరి. తండ్రి ఉంగరముతో కాకపోయినను ప్రేమతోనే పెట్టిన పేరు వాకిట దాటునప్పటికి తోక తెగి నిలిచెడిది. పుట్టినవారు పుట్టినట్లు చనిపోవుచుండగా, మృత్యుదేవత కన్ను పడకుండుటకై తల్లి పెంటయ్య యని పేరు పెట్టుకొన్నచో అది ఆమె దుఃఖము. అదే పేరును పనివానిని పిలుచుటకు ఈసడింపుగా వాడినది మనము. స్మృతిలోని ఆ జుగుప్సితనామవిధి శాసనముగా లేకున్నను మన నోళ్లలో బ్రదికినది. మృణాళినికి అమెరికా బడిలో అవమానము కలుగునేమో యని కలవరపడిన ఆ యింటనే, పందిరి వేయుటకు వచ్చిన వృద్ధునికి తాతగారు సగము పేరే పిలిచిరి. మేము విని యూరకుంటిమి. ఆతిథ్యము స్వీకరించి వచ్చిన మొగమాటము. ఇప్పుడు చెప్పుచున్నాము.

ఇక తాతగారి పాసుపుస్తకపు బాధ నిజమైనదే. తెలంగాణపు గ్రామముల లెక్కలు 1948 వఱకు ఉర్దూ రాజభాషగా నున్న ప్రభుత్వమువి. ఉర్దూ లిపిలో ణకార ళకారములు లేవు. హ్రస్వస్వరములు సాధారణముగా వ్రాయబడవు. అందుండి తెలుగునకు, తెలుగునుండి ఆంగ్లమునకు, 2020లో ధరణికి, 2025లో భూభారతికి నడచిన పేరు ప్రతి మజిలీలోను కొంత దుమ్ము పూసికొన్నది. ఆధారులో ఒక విధముగను, పట్టాలో మఱియొక విధముగను పేరున్న రైతు తన భూమికి తానే పరాయివాడగును. కాని ఈ చిక్కునకు తేలిక పేరు మందు కాదు. తాతగారి పేరు రెండక్షరములదే.

మందు వేఱొకటి గలదు, అది తల్లిదండ్రుల చేతిలోనిదే. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టమునుబట్టి జననమును ఇరువదియొక్క దినములలో తెలుపవలెను. పేరు తేలనిచో పేరు లేకయే నమోదు చేయించి, పండ్రెండు మాసములలో రుసుము లేక పేరు చేర్పించుకొనవచ్చును. రుసుముతో పదునైదేండ్లవఱకును నియమము లవకాశమిచ్చినవి. తొందరపడి గుమాస్తాకు తోచిన వర్ణక్రమమును ఒప్పుకొనవలసిన యక్కఱ లేదు. 2023 అక్టోబరు మొదలు ఆ పత్రమే బడికిని, ఉద్యోగమునకును, పాస్‌పోర్టునకును జన్మతేదీకి ప్రమాణము. ఆధారులో ఆంగ్లమున వ్రాసినదానిని యంత్రము తనంత తానే తెలుగు చేయును. యంత్రమునకు ళకారముమీద మమకార ముండదు. తండ్రి ఆ తెరను కన్నులార చూచి దిద్దించి మఱి రావలెను. తరువాత పేరు మార్పునకు జీవితములో రెండు పర్యాయములే యవకాశము. ఇంటిపేరును పొడియక్షరముగా మిగల్చుటయు ప్రమాదమే. పాస్‌పోర్టులో ఇచ్చిన పేరు గడి ఖాళీగా నున్నవారికి అమెరికా వీసాలో 'మొదటి పేరు తెలియదు' అను మూడు పొడియక్షరములు అచ్చగుచున్నవి. అచట బడిలో, బ్యాంకులో ఆ మూడక్షరములతోనే పిలువబడిన తెలుగువారున్నారు. నోరు తిరుగని పేరుకన్న పేరు లేకపోవుట మేలా?

ఐర్లండువారిని చూడుడు. స్వాతంత్ర్యమను నర్థముగల తమ పదమును ఇరువదవ శతాబ్దమున, ఆ పోరాటపు దినముల తరువాత, ఆడుపిల్లలకు పేరుగా పెట్టసాగిరి. ఐరిషు వర్ణక్రమమును ఆంగ్లేయుడు చూచి చదువలేడు. వినినచో 'సీర్ష' యని తేలిక. కొందఱు 'సర్ష' యందురు. ఆ పేరుగల సుప్రసిద్ధ నటి సర్ష రోనన్ ఎన్ని సభలలో తన పేరు పలుకు నేర్పినదో లెక్క లేదు. ఆ జాతి వర్ణక్రమమును మార్చుకొనలేదు. అడిగినవారికి నేర్పినది.

కాబట్టి మేము తల్లి పక్షము పలికితిమి. అయితే ఒక నిబంధన పెట్టితిమి. బిడ్డకు మాటలు వచ్చిన తోడనే తన పేరు ఎట్లు పలుకవలెనో, తప్పు పలికినవారికి కోపము లేక ఎట్లు చెప్పవలెనో నేర్పవలెను. తప్పు పిలుపునకు 'ఊ' కొట్టుట యలవాటు చేయరాదు. పంతులుగారు మొదటి దినము తప్పినచో రెండవ దినము తల్లి బడికి పోయి చెప్పవలెను.

తండ్రి బియ్యములో వ్రాసెను. ఋత్వము దగ్గర ఉంగరము కొంచెము తడబడినది, తల్లి సరిచేసినది. ఫోనులో పినతండ్రి ఇంకను సందేహించుచుండగా, అతని ప్రక్కనున్న ఆఱేండ్ల కొడుకు, అమెరికాలో పుట్టినవాడు, "మృణాళిని" యని ఒక్కసారికే పలికెను. ళకారము కొంచెము మెత్తబడినది, అంతే. నాయనమ్మ మాత్రము ఆ ప్రయాస పడలేదు. తొట్టెల యూపుచు "మిన్నమ్మా" యని పిలిచినది. శిశువు కన్నులు తెఱచి ఆమెవైపు చూచినది.