పుంజు పేగులో దొరికిన మందు

1973 జనవరిలో 'నేచర్' పత్రికలో రెండే రెండు పేజీల వ్యాసం వచ్చింది. రాసినవాళ్లు ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు ఎస్కో నూర్మి, మర్యాట్టా రాంటాలా. ఇప్పుడు కోళ్ల మందుల షాపుల్లో వేలాడే ప్రోబయోటిక్ ప్యాకెట్లు ఎన్ని గొప్పలు చెప్పుకున్నా, ఆ రెండు పేజీలంత సూటిగా ఏదీ చెప్పదు.

సంగతేంటంటే, 1971లో ఫిన్లాండ్ బ్రాయిలర్ ఫారాల్లో సాల్మొనెల్లా ఇన్ఫాంటిస్ చెలరేగింది. దాణా ముడిసరుకుతోనే అది షెడ్లలోకి చేరింది. పెద్ద కోళ్లు ఈ జాతి క్రిముల్ని మింగినా చాలావరకు తట్టుకుంటాయి. ఒకరోజు పిల్లల్లో మాత్రం పిసరంత చేరినా పాగా వేస్తుంది. ఎందుకని?

పెరట్లో పెట్ట పొదిగిన పిల్లను చూస్తే సగం జవాబు దొరుకుతుంది. ఈకలు ఆరీ ఆరగానే తల్లి వెంట పడుతుంది. తల్లి కెలికిన మట్టిని పొడుస్తుంది, రెట్టనూ పొడుస్తుంది. తల్లి పేగుల్లోని మంచి బ్యాక్టీరియా అలా పిల్లకు చేరుతుంది. హేచరీ పిల్లకు ఆ యోగం లేదు. 21 రోజులు మిషన్‌లో ఉండి, కడిగిన ట్రేలో కళ్లు తెరుస్తుంది. దాని పేగు తాళం వేయని ఖాళీ ఇల్లు. ముందు ఎవరు దూరితే వాళ్లదే.

నూర్మి, రాంటాలా ఆ ఇంట్లోకి మంచివాళ్లను ముందే దింపారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పుంజుల పేగుల్లోని సరుకు తీసి, పలచన చేసి, అప్పుడే పుట్టిన పిల్లలకు పట్టించారు. ఆ తర్వాత సాల్మొనెల్లా ఇచ్చి చూశారు. ముందు 'మందు' పడ్డ పిల్లల్లో ఎక్కువ వాటి పేగుల్లో అది నిలదొక్కుకోలేకపోయింది. ముక్కు మూసుకోవాల్సిన వైద్యమే, కానీ పనిచేసింది.

అసలు కథ నడిచేది సీకాల్లో. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట ఒక కొస మూసుకుపోయి ఉండే జంట గొట్టాలివి. పెద్ద కోడి సీకాల్లో గ్రాము సరుకుకు వెయ్యి కోట్లకు పైనే బ్యాక్టీరియా ఉంటుంది. అది పీచును పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు తయారుచేస్తుంది. వాటి మధ్య సాల్మొనెల్లాకు ఊపిరాడదు. పేగు గోడ కణాలకు బ్యుటిరిక్ ఆమ్లమే ఆహారం కూడా.

మిగతా చరిత్ర క్లుప్తంగా: 1940ల చివర్లో అమెరికాలో ఆరియోమైసిన్ కలిసిన మేతతో కోళ్లు త్వరగా పెరుగుతాయని తేలింది. ఇక దాణాలో యాంటీబయాటిక్స్ మామూలైపోయాయి. స్వీడన్ 1986లో, యూరోపియన్ యూనియన్ 2006లో ఎదుగుదల కోసం వాటిని వాడటం నిషేధించాయి. మన దేశం 2019లో కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని ఆపేసింది.

ఆ ఖాళీలోకే ప్రోబయోటిక్స్ వరదలా వచ్చాయి. అనుమానమూ అక్కడే. నూర్మి వాడింది ఒకటో రెండో రకాలు కాదు, పేగులోని సమూహం మొత్తం. 1987లో ఫిన్లాండ్‌లో 'బ్రాయిలాక్ట్' అనే మందు ఆ దారిలోనే వచ్చింది. 1998లో అమెరికా ఆమోదించిన 'ప్రీఎంప్ట్'లో 29 రకాల బ్యాక్టీరియా ఉంది. ఒక్క లాక్టోబాసిల్లస్ పొడితో అంత పనీ జరుగుతుందనుకోవడం అత్యాశే. చెక్ రిపబ్లిక్‌లోని బ్రనో శాస్త్రవేత్తలు 2019లో తేల్చిందేమిటంటే, పిల్లను పుట్టగానే పెద్ద పెట్టతో 24 గంటలు ఉంచితే చాలు, దాని సీకాల్లో తల్లికోడి బ్యాక్టీరియా స్థిరపడుతుంది. అయితే వేల పిల్లలు దిగే షెడ్డులో అన్ని పెట్టల్ని ఎక్కడ తెస్తాం?

రెట్ట చెప్పే కబురు
మామూలు రెట్ట గట్టిగా, పైన తెల్లటి సున్నంలాంటి పూతతో ఉంటుంది. రోజులో కొన్నిసార్లు మాత్రం సీకాలు ఖాళీ అయి, ముదురు గోధుమరంగులో జిగటగా, ఘాటైన కంపుతో పడుతుంది. దీన్ని విరేచనాలనుకుని కంగారుపడక్కర్లేదు. నురగ కట్టినా, నెత్తురు జీర కనిపించినా పశువైద్యుణ్ణి పిలవాలి.

కొనేముందు
ప్యాకెట్ మీద బ్యాక్టీరియా పేరు, గ్రాముకు బతికున్నవి ఎన్ని, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడండి. నీళ్లలో కలిపే రకమైతే ఆ పూట క్లోరిన్ ఆపండి. లేదంటే కొన్న బ్యాక్టీరియాలో చాలా భాగం కోడి నోటిదాకా రాకుండానే చస్తుంది.