ఓడను బట్టి సరంగు

స్టార్ ట్రెక్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే తెగని వాదన ఒకటుంది. కెప్టెన్ కిర్క్ గొప్పవాడా, కెప్టెన్ పికార్డ్ గొప్పవాడా? 1966 నుంచి సాగుతున్న ఈ అంతరిక్ష కథలకు కెనడాతో చుట్టరికం మొదటి రోజు నుంచీ ఉంది. తొలి సిరీస్‌ను అమెరికాలో ఎన్‌బీసీ సెప్టెంబరు 8న మొదలుపెడితే, కెనడాలో సీటీవీ రెండు రోజుల ముందే చూపించింది. కిర్క్‌గా నటించిన విలియం షాట్నర్ మాంట్రియల్‌లో పుట్టారు. ఇంజిన్ గదిని కంటికి రెప్పలా కాచుకునే స్కాటీగా నటించిన జేమ్స్ డూహన్ వాంకూవర్‌లో పుట్టి, ఆంటారియోలోని సార్నియాలో పెరిగారు. 1944 జూన్ 6న కెనడా సైన్యంతో నార్మండీ తీరంలో దిగి, ఆ రోజే తూటాలకు చేతి వేలు పోగొట్టుకున్నారు. ఇక ఆంటారియోలోనే ఉన్న ఓక్‌విల్ ఊరికి ఈ కథలు పొరుగింటివి. ఊరి తూర్పు పొలిమేర దాటితే మిసిసాగా. 2022లో మొదలైన 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' సిరీస్ కోసం ఎంటర్‌ప్రైజ్ ఓడ సెట్లు వేసింది అక్కడి స్టూడియోలోనే. తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఈ ప్రాంతంలో, ఈ వాదనకు మన తెలుగు రేవుల వైపు నుంచి ఒక మాట చేర్చాలి.

ఈ వాదన తెగకపోవడానికి కారణం వాదించేవాళ్ళ మొండితనం కాదు, ప్రశ్నలోనే లోపం ఉంది. కెప్టెన్లను ఓడల మీంచి దించి, పక్కపక్కన నిలబెట్టి ఎత్తు కొలుస్తున్నాం. పాపికొండల దారిలో లాంచీ నడిపే సరంగును తీసుకోండి. గోదావరిలో ఈ ఏడు ఇసుక మేట ఎక్కడ పడిందో, వరద తీశాక ఏ మలుపులో లోతు తగ్గిందో అతనికి తెలియాలి. చీకటి పడేలోగా ప్రయాణికులను ఒడ్డుకు చేర్చాలి. శ్రీకాకుళం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వలస వెళ్ళి చేపల బోటు నడిపే తండేలు పని వేరు. కొద్దిమందిని వెంటబెట్టుకుని రోజుల తరబడి సముద్రం మీద ఉండాలి. ఐసూ డీజిలూ ఎన్నాళ్ళకు సరిపోతాయో లెక్క చూసుకోవాలి. నీళ్ళ మీద కనపడని దేశ సరిహద్దు ఎక్కడుందో మరిచిపోకూడదు. వీళ్ళిద్దరిలో ఎవరు గొప్పని అడిగితే ఏ రేవులోనూ జవాబు దొరకదు. ప్రశ్నపత్రం ఇచ్చేది ఓడ, జవాబు రాసేది నడిపేవాడు. వేర్వేరు పరీక్షలు రాసినవాళ్ళలో ఫస్టు ఎవరో ఎలా తేలుస్తాం?

కిర్క్ ఓడలో 430 మంది, చేయాల్సింది ఐదేళ్ళ యాత్ర. ఈ కథలకు ఆద్యుడైన జీన్ రాడెన్‌బెరీ అతణ్ణి హొరేషియో హార్న్‌బ్లోయర్ నమూనాలో ఊహించుకున్నారు. తెరచాపల కాలపు బ్రిటిష్ నౌకాదళం మీద సి.ఎస్. ఫారెస్టర్ రాసిన నవలల్లోని నాయకుడతను. ఆ కాలంలో ఒడ్డు వదిలిన కెప్టెన్‌కు పై అధికారి ఉత్తరం చేరడానికి వారాలు, నెలలు పట్టేది. కాబట్టి తెగువ అతని స్వభావం అనేకంటే ఉద్యోగ ధర్మం అనడమే సరైనది. 1966 డిసెంబరులో వచ్చిన 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్' భాగంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. రోములన్ల ఓడ ఒకటి కంటికి కనపడకుండా వచ్చి, సరిహద్దు స్థావరాలను ధ్వంసం చేసి, తమ హద్దు వైపు పారిపోతుంటుంది. వెంటాడి కొడితే యుద్ధం రావచ్చు. వదిలేస్తే, వీళ్ళు బలహీనులని వాళ్ళే యుద్ధానికి దిగవచ్చు. కిర్క్ స్థావరానికి కబురు పంపుతాడు కానీ జవాబు రావడానికి గంటలు పడుతుంది, శత్రువు అంతసేపు ఆగడు. అతను ఓడను శత్రువు మీదికి నడిపించేశాక, నువ్వు ఏం నిర్ణయించినా మా మద్దతు ఉంటుందన్న సమాధానం చేతికందుతుంది. కిర్క్‌ది దూకుడని తప్పుపట్టేవాళ్ళు ఆలస్యంగా వచ్చిన ఆ కబురును లెక్కలోకి తీసుకోరు.

1987లో వచ్చిన పికార్డ్ ఓడ పేరుకు ఎంటర్‌ప్రైజే గానీ లోపల ఓ ఊరు. వెయ్యి మందికి పైగా జనం, వాళ్ళలో భార్యలు, భర్తలు, బడికి వెళ్ళే పిల్లలు. మొదటి కథలోనే పికార్డ్ తన కింది అధికారి రైకర్‌తో, పిల్లల మధ్య తనకు ఇబ్బందిగా ఉంటుందని, ఆ విషయంలో సాయం చేయమని అడుగుతాడు. నావికుడిగా పెరిగిన మనిషికి ఓడ అప్పగించిన కొత్త బరువు అది. అదే కథలో ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు ఓడను రెండుగా విడదీస్తారు. కుటుంబాలున్న గుండ్రటి పైభాగం ఒక దారిన వెళ్ళిపోతుంది, పికార్డ్ మిగిలిన భాగంతో శత్రువుకు ఎదురు నిలుస్తాడు. వెనక ఒక ఊరిని పెట్టుకున్నవాడు ముందు మాట్లాడతాడు, ఆయుధం సంగతి తర్వాత చూస్తాడు. అధికారులందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి తలా ఒక మాట చెప్పించుకుంటాడు. 1989లో వచ్చిన 'ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్'లో డేటా అనే యంత్రమానవుడు తాను పనిచేసే సంస్థ ఆస్తా, స్వేచ్ఛ ఉన్న ప్రాణా అన్న వ్యాజ్యం వస్తే, పికార్డ్ వకీలుగా నిలబడి గెలుస్తాడు. ఊరన్నాక న్యాయస్థానం కూడా ఉండాలి.

తర్వాతి సిరీస్ నాయకుడు సిస్కోకు మొదట ఓడే లేదు. 1993లో మొదలైన 'డీప్ స్పేస్ నైన్' ఒక అంతరిక్ష స్థావరం. కిర్క్ తన నిర్ణయం ఫలితాన్ని వెనక వదిలి మరో గ్రహానికి వెళ్ళిపోతాడు. సిస్కో వదిలి వెళ్ళలేడు, నిన్న మోసపోయినవాడు ఈరోజు అదే రేవులో ఎదురుపడతాడు. 1998 నాటి 'ఇన్ ద పేల్ మూన్‌లైట్'లో రోములన్లను యుద్ధంలోకి లాగడానికి అబద్ధానికి, చివరకు హత్యకు కూడా భాగస్వామి అయి, చిట్టాలో చెప్పుకున్న ఆ ఒప్పుకోలును తానే చెరిపేస్తాడు. మరో సిరీస్‌లోని కెప్టెన్ జేన్‌వే పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. 1995లో ఆమె ఓడ వాయేజర్ ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుంటుంది. ఉన్నది నూటయాభై మంది, అందులో కొందరు నిన్నటిదాకా తిరుగుబాటుదారులు. ఒకరు పోతే వాళ్ళ స్థానంలోకి వచ్చేవాళ్ళు లేరు. 'టూవిక్స్' కథలో ఒక ప్రమాదం వల్ల ఇద్దరు సిబ్బంది కలిసి ఒకే కొత్త మనిషిగా మారతారు. బతకనివ్వమని అతను ప్రాధేయపడతాడు, విడదీయడానికి డాక్టర్ నిరాకరిస్తాడు. జేన్‌వే స్వయంగా ఆ పని చేసి, మాట్లాడకుండా గదిలోంచి బయటికి నడుస్తుంది. ఆమె చేసింది తప్పో ఒప్పో నేటికీ తేలలేదు, నాకూ మనసు కుదుటపడలేదు. అయితే మనుషులను మార్చుకునే వీలున్న పికార్డ్ ఓడలో ఈ ప్రశ్నకు ఇంత పదును ఉండేది కాదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. కిర్క్‌కు ముందు అదే ఎంటర్‌ప్రైజ్‌ను నడిపింది క్రిస్టఫర్ పైక్. తన గదిలో పొయ్యి పెట్టుకుని, సిబ్బందికి స్వయంగా వండి వడ్డించే కెప్టెన్. ఓడ అదే, మనిషి వేరు. అంతా ఓడ మహిమే అయితే ఇద్దరూ ఒకేలా ఉండాలి కదా? మిసిసాగాలో తీసిన సిరీసే ఈ పరీక్ష పెట్టి చూసింది. 2022లో వచ్చిన 'ఎ క్వాలిటీ ఆఫ్ మెర్సీ'లో పైక్‌కు తన భవిష్యత్తు ఒకటి కనిపిస్తుంది. అందులో 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్' నాటి రోములన్ ఓడే ఎదురవుతుంది, కానీ కిర్క్ స్థానంలో పైక్ ఉంటాడు. అతను తన సహజ ధోరణిలో సంధి కోసం ప్రయత్నిస్తాడు. ఆ వ్యవధిలో శత్రు నౌకాదళం వచ్చేస్తుంది, యుద్ధం మొదలవుతుంది, ఓడ అధికారి స్పాక్ ఘోరంగా గాయపడతాడు. ఇది చూసి పైక్ తక్కువవాడని తేల్చేవాళ్ళున్నారు. అది తొందరపాటు. అదే ఓపిక అతనికి మరెన్నోచోట్ల ప్రాణాలు దక్కించింది. ఇద్దరినీ పోల్చడానికి ఒకే ఓడ సరిపోలేదు, ఒకే శత్రువును ఒకే గడియలో ఎదురు నిలపవలసి వచ్చింది. అంత చేసినా తేలింది ఆ ఒక్క గడియ సంగతే. అయితే ఈ అభ్యంతరంలో ఒప్పుకోవలసిన నిజం కూడా ఉంది. ప్రశ్న ఓడదే గానీ, ఆ సంధి ప్రయత్నం మాత్రం పైక్ సొంత జవాబు.

కల్పిత పాత్రలతో ఏ వాదనైనా నిలబెట్టవచ్చు, నిజం ఓడల్లో ఇది నిలుస్తుందా అని అడగవచ్చు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళిన తెలుగు తండ్రి కొడుకు రాజాచారి 2021 నవంబరులో స్పేస్ఎక్స్ క్రూ-3 యాత్రకు కమాండర్‌గా అంతరిక్ష కేంద్రానికి వెళ్ళారు. అంతకుముందు ఆయన వైమానిక దళంలో యుద్ధ విమానాల టెస్ట్ పైలట్. అక్కడ అరక్షణంలో చేయి కదలాలి. ఆయన వెళ్ళిన డ్రాగన్ నౌక 'ఎండ్యూరెన్స్' కేంద్రానికి తనంతట తానే అతుక్కునేలా తయారైంది. అందులో కమాండర్ చేతికి పని తక్కువ, కంటికీ మనసుకూ పని ఎక్కువ. తెరమీది అంకెలు గమనిస్తూ, ఎప్పుడు జోక్యం చేసుకోవాలో, ఎప్పుడు ఊరుకోవాలో తేల్చుకోవాలి. మనిషి ఒక్కరే, ఓడ మారేసరికి నాయకత్వం అర్థమే మారింది.

అన్నిటికన్నా పెద్ద నిదర్శనం ఓక్‌విల్ రేవులోనే ఉంది. 1827లో విలియం చిజమ్ సిక్స్‌టీన్ మైల్ క్రీక్ సరస్సులో కలిసే చోట భూమి కొని ఈ ఊరికి పునాది వేశారు. ఓక్ చెట్లున్న ఈ ఒడ్డున ఓడలు కట్టారు, ఇక్కడి నుంచి గోధుమలు ఆంటారియో సరస్సు దాటి వెళ్ళాయి. ఆ ధాన్యపు ఓడల కెప్టెన్లలో రాబర్ట్ విల్సన్ ఒకరు. అమెరికాలో బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన నల్లజాతి మనుషులను ఆయన తన ఓడలో దాచి ఓక్‌విల్‌కు చేర్చేవారు. రోజూ సరస్సు దాటే ఓడ మీద ఎవరికీ అనుమానం రాదు. గింజల కోసం కట్టిన చీకటి అడుగు గదిలో మనిషి ఒదిగి కూర్చోవచ్చు. అంటే ఆ వీలు కల్పించింది ఓడే. కానీ అదే సరస్సు మీద అలాంటి అడుగు గదులున్న ఓడలు ఎన్నో తిరిగాయి, అన్నీ మనుషులను దాచి తేలేదు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ రద్దు అమల్లోకి వచ్చిన ఆగస్టు 1న ఓక్‌విల్‌లో ఏటా విమోచన దినపు పిక్నిక్ జరిగేది. అది ముగిశాక అలా దాటి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, మ్యారినర్స్ హోమ్ అని పిలిచే విల్సన్ ఇంటికి నడిచి వెళ్ళి ఆయన్ను పలకరించేవారు.